బేడీలు ఎప్పుడు వేయవచ్చు? ఎలా వేయాలి? - సరిహద్దు కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

తెక్కలకోట పరిసర గ్రామాలకు పోలీసు జీపు వచ్చి ఒక యువకుణ్ణి తీసుకువెళ్లిందంటే, ఏ సెక్షను క్రింద కేసు పెట్టారన్న విచారణ తరువాతి మాట. "చేతులకు బేడీలు వేశారా?" అన్నది ఊరు అడిగే మొదటి ప్రశ్న. ఉత్త చేతులతో తీసుకువెళితే ఏదో మాట అడగడానికి పిలిచారని ఇంటివారు సర్దిచెప్పుకుంటారు. బేడీలు వేసి బస్టాండు మీదుగా నడిపించుకు వెళితే మాత్రం కోర్టు చెప్పవలసిన తీర్పును ఊరు ఆ పూటే చెప్పేస్తుంది. కేసు రెండేళ్లకు కొట్టివేయబడవచ్చు గాని, ఆ ఇంటి ఆడపిల్లకు వచ్చిన సంబంధం అప్పటికే తప్పిపోయి ఉంటుంది.

చట్టం దృష్టిలో బేడీ శిక్ష కాదు. అది నేరానికి గుర్తు కూడా కాదు. మనిషి పారిపోకుండా, తనకు గాని ఇతరులకు గాని హాని చేయకుండా కొంతసేపు అడ్డుకునే ఒక సాధనం మాత్రమే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 49వ సెక్షను ఈ మాటే చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 46వ సెక్షను కూడా అదే చెబుతోంది: అరెస్టయిన వ్యక్తి పారిపోకుండా ఆపడానికి ఎంత అవసరమో అంతకుమించిన నిర్బంధం అతనిపై పెట్టరాదు. మిగిలిన నిబంధనలన్నీ ఈ ఒక్క వాక్యం నుంచి పుట్టుకువచ్చినవే.

ఇక్కడ ఒక చిన్న సంగతి. కన్నడంలో అరెస్టును "దస్తగిరి" అంటారు. ఠాణా కాగితం మీద ఆ మాట చూసి, దస్తగిరి అనే వ్యక్తి ఎవరో తమవాడిపై ఫిర్యాదు చేశాడని మన తెలుగువారు అనుకోవడం ఆశ్చర్యం కాదు. రాయలసీమలో ఆ పేరు గలవారు ఊరికి ఒక్కరైనా ఉంటారు గదా. చేతిబేడీని "కైకోళ" అంటారు. బెయిలును "జామీను" అంటారు. ఇది మన పెద్దలకు తెలిసిన మాటే. కాగితం కన్నడంలో ఉన్నదని చదవకుండా సంతకం చేయడం, ఆపైన అందులో ఏమున్నదో తెలియక తిరగడం సరిహద్దు పల్లెలకు కొత్త కాదు. ఈ విషయం చివర మరల ప్రస్తావనకు వస్తుంది.

ఒక టెలిగ్రాము తెచ్చిన తీర్పు

ఈ ప్రాంతానికీ సంకెళ్లకూ సంబంధం పాతది. తెక్కలకోట, సిరుగుప్ప, ఆదోని, ఆలూరు అన్నీ 1953 అక్టోబరు వరకు ఉమ్మడి బళ్లారి జిల్లాలోనివే, మదరాసు రాష్ట్రంలోనివే. ఆ మదరాసు రాజధాని కాలంలోనే కర్నూలుకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో పత్రికలో వ్రాసిన వ్యాసానికి రాజద్రోహ నేరం క్రింద రాయవేలూరు జైలుకు వెళ్లారు. చదువుకున్న ఆ పత్రికా సంపాదకుని కాళ్లకూ చేతులకూ గొలుసులు వేసి, మెడలో కొయ్యపలక తగిలించి, బందిపోట్ల మధ్య ఉంచారు. ఆయన గోడ దూకి పారిపోతారని ప్రభుత్వం భయపడి ఉంటుందా? గొలుసు అక్కడ అవమానానికే గాని కాపలాకు కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఈ అలవాటు పోలేదు. 1978లో సునీల్ బత్రా కేసులో సుప్రీంకోర్టు జైలులో కాళ్లకు వేసే ఇనుప కడ్డీల సంగతి పరిశీలించింది. తీహారు జైలులో చార్లెస్ శోభరాజ్ అనే విదేశీ ఖైదీకి నెలల తరబడి రాత్రింబవళ్లు ఆ కడ్డీలు ఉంచారు. అంతకాలం అలా ఉంచడం చెల్లదని కోర్టు చెప్పింది. 1980లో అదే జైలునుంచి ప్రేమ్ శంకర్ శుక్లా అనే విచారణ ఖైదీ, తనను కోర్టుకు తీసుకువెళ్లినప్పుడెల్లా బేడీలు వేస్తున్నారని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఒక టెలిగ్రాము పంపాడు. కోర్టు ఆ టెలిగ్రామునే పిటిషనుగా స్వీకరించింది. విచారించిన ముగ్గురు న్యాయమూర్తులలో వి.ఆర్. కృష్ణయ్యర్, ఆర్.ఎస్. పాఠక్‌లతో పాటు మన పొరుగున ఉన్న అనంతపురం జిల్లాకు చెందిన ఓ. చిన్నపరెడ్డి గారు కూడా ఉన్నారు.

ఆ తీర్పు చెప్పినది సూటిగా ఉంది. బేడీలు మామూలు పద్ధతి కారాదు. పారిపోయే ప్రమాదం స్పష్టంగా ఉండి, వేరే మార్గం లేనప్పుడే వేయాలి. వేసిన అధికారి అందుకు కారణం అప్పటికప్పుడు వ్రాతపూర్వకంగా నమోదు చేసి, ఖైదీని హాజరు పరచినప్పుడు న్యాయాధికారికి చూపి ఆమోదం పొందాలి. అంతవరకు పంజాబు పోలీసు నియమాలలో డబ్బూ చదువూ గల ఖైదీకి ఒక తీరు, పేదకు మరొక తీరు ఉండేవి. ఆ తేడాను కోర్టు కొట్టివేసింది. కాపలాదారులు చాలకపోతే సంఖ్య పెంచండి, శిక్షణ ఇవ్వండి, భద్రమైన వాహనం వాడండి అని చెప్పింది. ఇందులో కానిస్టేబుల్ పక్షాన చెప్పవలసిన మాట ఒకటున్నది. ఇద్దరు కానిస్టేబుళ్లకు నలుగురు ఖైదీలను అప్పగించి బస్సులో పంపితే, ఒక్కడు తప్పించుకున్నా పోయేది ఆ కానిస్టేబుల్ ఉద్యోగమే. మనుషులను ఇవ్వని శాఖ చేతికి ఇనుము ఇస్తుంది. ఆ ఇనుము బరువు చివరకు ఖైదీ మణికట్టు మీద పడుతుంది.

ఇప్పటి చట్టం కొంత మారింది. నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షను మూడవ ఉపసెక్షను మొట్టమొదటిసారిగా బేడీల పేరెత్తి అనుమతి ఇచ్చింది. పదేపదే నేరాలు చేసినవారు, కస్టడీ నుంచి పారిపోయినవారు, వ్యవస్థీకృత నేరాలు, ఉగ్రవాదం, మాదకద్రవ్యాలు, అక్రమ ఆయుధాలు, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, దొంగనోట్లు, మనుషుల అక్రమ రవాణా, పిల్లలపై లైంగిక నేరాలు, రాజ్యానికి వ్యతిరేకమైన నేరాలు - వీటిలో, నేరస్వభావాన్నీ తీవ్రతనూ దృష్టిలో ఉంచుకొని, అరెస్టు సమయంలోనూ కోర్టుకు హాజరు పరచేటప్పుడూ బేడీలు వాడవచ్చు. మొదటి ముసాయిదాలో ఆర్థిక నేరాలు కూడా ఉండగా, పార్లమెంటు స్థాయీ సంఘం సూచన మీద 2023లో తొలగించారు.

"వాడవచ్చు" అన్న మాటను గమనించాలి. "వాడాలి" అని లేదు. కాలువ నీటి దగ్గర చివరి ఆయకట్టు రైతుకూ ఎగువ రైతుకూ జరిగిన కొట్లాట, పొలం గట్టు తగాదా, పేకాట, సరిహద్దు దాటించిన నాలుగు మద్యం ప్యాకెట్లు - మన వైపు తరచుగా వచ్చే ఈ కేసులు మొదటిసారి అయితే ఆ జాబితాలోకి రావు. గంజాయి మాత్రం వస్తుంది. పిల్లలకు ఈ తేడా ముందే చెప్పి ఉంచడం మేలు.

కర్ణాటకలో మరొక తీర్పు ఉంది. బెళగావి జిల్లాకు చెందిన ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని వారంటు మీద అరెస్టు చేసి, బేడీలు వేసి జనం మధ్య నడిపించారు. 2022 జూనులో కర్ణాటక హైకోర్టు అతనికి 2 లక్షల రూపాయల పరిహారం ఇవ్వవలసిందిగా ప్రభుత్వాన్ని ఆదేశించింది. బేడీలు వేస్తే కారణాన్ని కేసు డైరీలో వ్రాయాలని, అరెస్టు చేసే అధికారులకు శరీరానికి తగిలించుకునే కెమెరాలు సమకూర్చాలని కూడా చెప్పింది. ఈ తీర్పు వెలువడిన ధార్వాడ ధర్మాసనం పరిధిలోనే బళ్లారి జిల్లా కూడా ఉంది.

ఆసుపత్రి మంచానికి గొలుసు

బేడీలలో అన్నిటికంటె నిష్కారణమైనది రోగి చేతికి వేసేది. 2024 నవంబరులో తెలంగాణలోని వికారాబాద్ జిల్లా లగచర్లలో భూసేకరణ వివాదంలో కలెక్టరుపై దాడి జరిగింది. ఆ కేసులో సంగారెడ్డి జైలులో ఉన్న ఒక రైతుకు డిసెంబరులో గుండెనొప్పి వచ్చింది. అతన్ని ఆసుపత్రికి బేడీలతోనే తీసుకువెళ్లారు. ఆ చిత్రాలు బయటకు రాగానే ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. ఒక జైలు అధికారి సస్పెండయ్యాడు. అంతకుముందు 2017 మే నెలలో ఖమ్మం మిర్చి మార్కెట్ విధ్వంసం కేసులో పదిమంది రైతులను బేడీలతో కోర్టుకు తెచ్చినప్పుడు ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు సస్పెండయ్యారు. రెండుచోట్లా సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చినది ఫోటో వచ్చిన తరువాతనే. ఫోటో లేని బేడీల మాట ఎవరు అడుగుతారు?

అడగవలసింది కుటుంబమే. ఇందుకు చట్టం బలం ఉంది. 1995లో అస్సాంలో ఏడుగురు నిర్బంధితులను గువాహతి ఆసుపత్రి మంచాలకు కట్టివేసిన విషయమై పాత్రికేయుడు కుల్‌దీప్ నయ్యర్ సుప్రీంకోర్టుకు లేఖ వ్రాశారు. మేజిస్ట్రేటు అనుమతి లేనిదే, జైలులో గాని, ఒకచోటి నుంచి మరొక చోటికి తీసుకువెళ్లేటప్పుడు గాని, ఖైదీకి బేడీలు వేయరాదని కోర్టు అప్పుడు ఆదేశించింది. దానిని అతిక్రమిస్తే కోర్టు ధిక్కారమవుతుందని హెచ్చరించింది. ముప్పై ఏళ్ల తరువాత 2025 ఫిబ్రవరిలో, హర్యానాలో అరెస్టయిన వ్యక్తిని రోహతక్ ఆసుపత్రి మంచానికి గొలుసుతో బంధించిన కేసు మరల సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అరెస్టుకు కారణాలు చెప్పనందున ఆ అరెస్టే చెల్లదని కోర్టు తేల్చింది. మంచానికి బంధించడం అతని గౌరవంగా జీవించే హక్కుకు భంగమని కూడా చెప్పింది.

ఐక్యరాజ్య సమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఈ విషయంలో మరింత స్పష్టం. గొలుసులు, ఇనుప కడ్డీలు ఏ పరిస్థితిలోనూ పనికిరావు. ప్రసవ వేదనలోను, కాన్పు సమయంలోను, కాన్పు అయిన వెంటనేను స్త్రీకి ఎటువంటి బంధనమూ వేయరాదు. అసలు ఆ స్థితిలో ఉన్న స్త్రీ ఎక్కడికి పారిపోగలదు?

మణికట్టు, ఊపిరి

బేడీ వేయడానికి కారణం ఉన్నదనే అనుకుందాం. అప్పుడు ఎలా వేయాలి? బేడీకి రంపపు పళ్ల వంటి పళ్లు ఉంటాయి. నొక్కిన కొద్దీ బిగుస్తుంది, వెనక్కు రాదు. వాహనం కుదుపుకో, మనిషి చేయి కదల్చినందుకో దానంతట అదే మరింత బిగుసుకుంటుంది. దీనిని ఆపడానికి మంచి బేడీలలో రెండవ తాళం ఉంటుంది. తాళంచెవి కొనతో నొక్కితే ఆ పళ్లు ఇక కదలవు. వేసిన తరువాత బేడీకీ చర్మానికీ మధ్య ఒక వేలి కొన దూరాలి. ఇంతే పని. అయినా తొందరలో మరచేది ఈ రెండవ తాళమే.

బిగుతు బేడీ క్రింద మణికట్టు వద్ద బొటనవేలి వైపుకు పోయే నరం నలుగుతుంది. బొటనవేలి వెనుక భాగం తిమ్మిరెక్కడం, మండడం, స్పర్శ తెలియకపోవడం దాని గుర్తులు. బేడీ తీసిన తరువాత కూడా ఇది వారాలు, ఒక్కోసారి నెలలు ఉండవచ్చు. నాట్లకూ కోతలకూ పోయే చేయికి అది చిన్న నష్టం కాదు. మొదటి రోజు డాక్టరు పరీక్షలో ఆ సంగతి వ్రాయిస్తేనే తరువాత అడగడానికి ఆధారం ఉంటుంది.

చేతులు వెనుకకు విరిచి కట్టినవాడు జారిపడితే చేయి ఆన్చుకోలేడు. ముఖమో తలో నేలకు తగులుతుంది. కనుక వృద్ధులకు, భుజం దెబ్బతిన్నవారికి, గర్భిణులకు వెనుక వైపు వేయడం ప్రమాదం. కదిలే వాహనంలోని కడ్డీకి బేడీ తగిలించడం ఇంకా ప్రమాదం. బండి బోల్తాపడినా, మంటలంటుకున్నా అతను అక్కడే మిగిలిపోతాడు.

వీటన్నిటికంటె ప్రాణానికి ముప్పు తెచ్చేది ఊపిరి సంగతి. పెనుగులాడే మనిషిని బోర్లా పడవేసి, చేతులు వెనుక కట్టి, వీపు మీద మోకాలు పెట్టి నొక్కితే ఛాతీ విప్పారదు. లావుపాటి వాడికి, తాగి ఉన్నవాడికి, చాలాసేపు పెనుగులాడి అలసినవాడికి ఇది నిమిషాలలో ప్రాణాంతకం కావచ్చు. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మరణించినది ఇలాగే. చేతులకు అప్పటికే బేడీలున్నాయి, మెడపై మోకాలు తొమ్మిది నిమిషాలకు పైగా ఉంది. "మాట్లాడుతున్నాడు గదా, ఊపిరాడుతున్నట్టే" అనుకోవడం పొరపాటు. రెండు మాటలు పలకడానికి చాలిన గాలి, బ్రతకడానికి చాలిన గాలి కాదు. బేడీ పడిన మరుక్షణం మనిషిని పక్కకు త్రిప్పాలి, లేదా లేపి కూర్చోబెట్టాలి, వీపు మీది బరువు తీయాలి. వాంతి చేసుకునే స్థితిలో ఉన్నవాణ్ణి వెల్లకిలా కూడా పడుకోబెట్టరాదు, పక్కకే ఉంచాలి.

తాగుడు అలవాటు గల కుటుంబాలు మరొక విషయం తప్పక తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు లాకప్పులోకి పోగానే మద్యం ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆగిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపల మూర్ఛలు రావచ్చు. రెండవ, మూడవ రోజు చేతులు వణికి, చెమటలు పట్టి, లేనివి కనిపిస్తున్నాయని కేకలు వేయవచ్చు. చూసేవారికి అది పొగరుగానో పిచ్చిగానో తోచి, కట్టివేయాలని అనిపిస్తుంది. అది వైద్యం అవసరమైన స్థితి. కట్టివేస్తే ప్రాణం మీదికి రావచ్చు. షుగరు పడిపోయినవాడు కూడా తాగినవాడిలాగే తూలుతాడు. కాబట్టి అరెస్టు సమయంలో ఇంటివారు సిగ్గుపడకుండా చెప్పవలసింది ఇది: రోజూ తాగుతాడా, మూర్ఛ ఉందా, ఉబ్బసం ఉందా, షుగరు మాత్రలు ఏమి వాడుతున్నాడు. పరువు కోసం తాగుడు సంగతి దాచడం అతని ప్రాణంతో ఆడుకోవడమే.

కుటుంబం చేయగలిగినది

అరెస్టు సంగతి ఒక బంధువుకు తెలపాలి, కాగితం వ్రాసి సాక్షి సంతకం తీసుకోవాలి, వైద్యపరీక్ష చేయించాలి - 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు విధించిన ఈ నియమాలు ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. ప్రయాణ సమయం పోను 24 గంటలలోపల మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. కుటుంబం దృష్టిలో ఉంచుకోవలసిన గడియ అదే. "నీకేమైనా చెప్పాలని ఉందా?" అన్న ప్రశ్నకు భయంతో తల అడ్డంగా ఊపి బయటకు వస్తే, ఆపైన ఎన్ని అర్జీలు పెట్టినా బరువు తగ్గుతుంది. బేడీలు ఎక్కడ వేశారు, ఎంతసేపు ఉంచారు, చేయి ఎలా ఉంది అన్నది ఆ క్షణంలోనే చెప్పాలి. వకీలును పెట్టుకునే స్తోమతు లేకపోతే న్యాయసేవా ప్రాధికారపు ఉచిత వకీలు ఉంటారు. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. ఠాణా ఎదుట గుంపుగా చేరి కేకలు వేయడం వలన ఒరిగేదేమీ లేదు. పైగా పారిపోయేందుకు సహకరిస్తున్నారన్న నెపంతో బేడీలకు ఆ గుంపే కారణమవుతుంది.

మనవాణ్ణి ఆంధ్ర పోలీసులు పట్టుకొని ఆదోని వైపు తీసుకువెళ్లినా ఈ హక్కులు మారవు. సంహిత రెండు రాష్ట్రాలకూ ఒకటే.

ఇక మన ఇళ్లలోని గొలుసుల మాట. మతి చలించినవాణ్ణి పశువుల కొట్టంలో కట్టివేసిన ఇళ్లు ఉన్నాయని అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఇల్లు కూడా అతనికి చెరసాలే అవుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా సమీపాన నడిచే ఒక మానసిక రోగుల గృహంలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది రోగులు పారిపోలేక కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఆసుపత్రిలో తాత్కాలికంగా కట్టవలసి వచ్చినా, తక్షణ హాని తప్పించడానికి అదొక్కటే మార్గమైనప్పుడే, మానసిక వైద్యుని ఆదేశం మీద, నమోదు చేసి కట్టాలి. శిక్షగా కట్టరాదు. సిబ్బంది చాలలేదన్నది కారణం కారాదు. ఇంటివారికి కూడా ఈ చివరి మాట వర్తించవలసిందే గాని, పొలం పనికి పోతూ రోగిని ఎవరికి అప్పగించాలన్న వారి కష్టం నిజమైనది. బళ్లారి వైద్య కళాశాల ఆసుపత్రి వరకు పోలేనివారు 14416 నంబరుకు ఫోను చేసి టెలి మానస్ సలహా పొందవచ్చు. తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడుతారు.

భాష సంగతి మిగిలి ఉంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు, ఏ నేరానికైనా సరే, అరెస్టు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో వ్రాసి ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఈ తీర్పు అవసరం సరిహద్దు వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. క్యాంపులలో నివసించే తెలుగు కుటుంబానికి కన్నడ కాగితం, ఆదోనిలో పట్టుబడిన కన్నడ కుర్రవానికి తెలుగు కాగితం చేతిలో పెడితే, "మాకు అర్థమయ్యే భాషలో ఇవ్వండి" అని అడిగే హక్కు ఇప్పుడు ఉంది. కాగితం రావడం ఆలస్యమైనా నోటిమాట ఆలస్యం కారాదు. దక్షిణ జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన కానిస్టేబులుకు తెలుగు రాకపోవచ్చు. చేయి తిమ్మిరెక్కితే "నన్న కై జోము హిడిదిదె" అనాలి. ఊపిరాడకపోతే "ఉసిరు ఆడుత్తిల్ల" అనాలి. ఈ రెండు వాక్యాలు ఇంట్లో అందరికీ నోటికి వచ్చి ఉండాలి.